మారుతి 800 క్రాంక్ సీల్: రబ్బరు ఊడింది, ఇనుప రింగు రానంటోంది

సెల్లార్_మెకానిక్:
అందరికీ నమస్కారం. మాది విశాఖ ఎంవీపీ కాలనీ. బండి నాన్నగారిది, 2007 మారుతి 800. మూడు నెలలుగా అపార్ట్‌మెంట్ సెల్లారులో మా బండి కింద అరచేయంత నల్ల మరక. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు పొద్దున్నే వాకింగుకి వెళ్తూ ఆ మరకనీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. కింద అట్ట పరిచి చూస్తే కారేది టైమింగ్ బెల్టు వైపు నుంచి, క్రాంక్ పుల్లీ వెనకాల. ఫ్రంట్ ఆయిల్ సీలే (క్రాంక్ షాఫ్టు చుట్టూ ఉండి ఇంజనాయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) అని తేల్చుకుని శనివారం మొదలెట్టాను.

పుల్లీ సెంటర్ బోల్టుకే ఒక పూట పోయింది. ఉప్పుగాలి ఊరు, ఏ బోల్టు మాత్రం తిన్నగా వస్తుంది? టాప్ గేర్లో పెట్టి, బామ్మర్దిని బ్రేకు తొక్కి కూర్చోమని, పానా పిడికి మూడడుగుల జీఐ పైపు తొడిగి లాగితే టక్కుమంది. విరిగిందేమోనని గుండె జారింది గానీ, వదిలింది.

అసలు చిక్కు సీలు దగ్గర. స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే రబ్బరు పాత అప్పడంలా పెళుసెక్కి ముక్కలు ముక్కలుగా ఊడింది. చుట్టూ ఉన్న ఇనుప రింగు మాత్రం హౌసింగ్‌లో బిగుసుకుపోయి ససేమిరా కదలట్లేదు. ఆ పెనుగులాటలో షాఫ్టు మీద ఒక గీత కూడా పెట్టేశాను. ఇప్పుడేం చెయ్యను?

గాజువాక_గురు:
తమ్ముడూ, ఆటోనగర్ తీసుకొచ్చెయ్. మా వాళ్లకి అరగంట పని.

సెల్లార్_మెకానిక్:
బెల్టు ఊడదీసిన బండి అన్నా. తాడు కట్టి ఎన్ఏడీ జంక్షన్‌లోంచి లాక్కుని రమ్మంటావా?

పాత_ఫిట్టరు:
బాబూ, నేను షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ముందు ఒక్క మాట చెప్పండి. రబ్బరు లిప్పు, అదే షాఫ్టుకి ఆనే అంచు, దాని వెనకాల సన్నటి స్ప్రింగు చుట్ట ఒకటి ఉంటుంది, ఆడపిల్లల గాజులా గుండ్రంగా. లిప్పుని షాఫ్టుకి అదిమి పట్టేది అదే. మీరు ఏరిన ముక్కల్లో అది ఉందా? అది దొరికేదాకా డ్రిల్లు ముట్టుకోవద్దు.

సెల్లార్_మెకానిక్:
అయ్య బాబోయ్, అలాంటిదొకటి ఉంటుందనే తెలీదు మాస్టారూ. టార్చి పట్టుకుని గంట వెతికాను. నూనె పట్టిన ట్రేలో, పాత బనీను గుడ్డ మడతలో దొరికింది. తెగలేదు, చుట్టు చుట్టంతా ఉంది.

పాత_ఫిట్టరు:
బతికారు. లోపల ఉండిపోతే రేపు కొత్త సీలు కింద పడి నలిగేది.

ఇక రింగు సంగతి. దాని ముఖం మీద, షాఫ్టుకీ హౌసింగ్‌కీ నడిమధ్యన, ఎదురెదురుగా రెండు చోట్ల 2 ఎంఎం బిట్టుతో బెజ్జం పెట్టండి. బిట్టుకి గ్రీజు దట్టంగా పుయ్యండి, రజను దానికే అంటుకుంటుంది. రేకు తెగినట్టు చేతికి తెలియగానే ఆపెయ్యాలి, లోపలికి పోనివ్వకండి. ఆ బెజ్జాల్లో చెక్క స్క్రూలు నాలుగు చుట్లు బిగించి, కటింగ్ ప్లయరుతో పట్టుకుని, కింద చిన్న చెక్కముక్క ఆన్చి ఎత్తండి. ఇటు కొంచెం, అటు కొంచెం. ఒక్క వైపే లాగితే వంకరపోయి ఇంకా బిగుస్తుంది. హౌసింగ్ అల్యూమినియం, ఉక్కు స్క్రూడ్రైవరుకి అది వెన్నముద్ద. మళ్ళీ దాంతో పొడవకండి.

షాఫ్టు గీత మీద గోరు ఆనించి గీయండి. గోరు తట్టుకుంటే, అదీ లిప్పు తిరిగే దారిలో ఉంటే, కారుతుంది. నూనెలో తడిపిన 600 నంబరు ఎమరీ కాగితంతో చుట్టూతా రుద్దాలి, నిలువుగా కాదు. పాత లిప్పు అరగదీసిన గాడి కనిపిస్తే కొత్త సీలుని ఒక మిల్లీమీటరు బయటికి కూర్చోబెట్టండి, లిప్పు కొత్త చోట పడుతుంది.

సీలు బిగించేటప్పుడు స్ప్రింగు వైపు ఇంజను లోపలికి. షాఫ్టు మీద పుల్లీ కీ కూర్చునే గాడి మీద టేపు చుట్టండి, లేకపోతే ఆ అంచుకే లిప్పు కోసుకుపోతుంది. లిప్పుకి ఇంజనాయిలు రాయండి. నూనె తాగిన టైమింగ్ బెల్టు మళ్ళీ వెయ్యకండి, ఎంత బాగున్నట్టు కనిపించినా.

ఇంకోటి. పీసీవీ వాల్వు, బ్రీదర్ పైపు చూశారా? ఇంజను లోపలి ఆవిరి బయటపడే దారులవి. అవి మూసుకుపోతే లోపలి ఒత్తిడికి ఎంత కొత్త సీలైనా కక్కేస్తుంది.

కంచరపాలెం_కుర్రాడు:
మాస్టారు చివర్లో చెప్పింది నిజం గురూ. నా మారుతి జెన్‌కి ఏడాదిలో రెండు సీళ్లు మార్చా. తీరా చూస్తే బ్రీదర్ పైపు నిండా మడ్డి. బండి ఆన్‌లో పెట్టి ఆయిల్ మూత తీసి చూడు. బుస్సుబుస్సుమని పొగ తంతోందంటే అదే.

సెల్లార్_మెకానిక్:
అప్‌డేట్. రెండో స్క్రూకి రింగు బయటికొచ్చింది, సీసా మూత తీసినప్పటి శబ్దంతో. బామ్మర్ది వీడియో తియ్యడం మర్చిపోయాడు. గోరు తట్టుకోలేదు గానీ ఎమరీ పట్టాను. కొత్త సీలు కూర్చోబెట్టడానికి సరిపడా సాకెట్టు లేక పీవీసీ పైపు ముక్క వాడాను. చుట్టూ సమానంగా, చిన్న సుత్తితో. కొత్త బెల్టు వేశాను. పీసీవీ వాల్వు చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల చప్పుడే లేదు, జిగురు పట్టేసింది. అదీ మార్చాను.

నిన్న భీమిలి దాకా వెళ్ళొచ్చి రాత్రంతా కింద అట్ట పరిచాను. పొద్దున్న చూస్తే పొడిగా ఉంది. ఇక మిగిలింది సెల్లార్ గచ్చు మీద పాత మరక. సర్ఫు ప్యాకెట్టు మొత్తం అయిపోయింది, పోవట్లేదు.

పాత_ఫిట్టరు:
రంపపు పొట్టు చల్లి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్న ఊడ్చి, అప్పుడు సర్ఫు. ఒక్కసారికి పోదు.