ఫీడ్‌బ్యాక్‌లో 5కి 3.4 వచ్చింది, ఏం చేసుకోవాలి?

పర్లాకిమిడి_లెక్కలు
అందరికీ నమస్కారం. పర్లాకిమిడి వైపు ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. గెస్టు ఫ్యాకల్టీని, క్లాసుకింత అని ఇస్తారు. పోయిన సెమిస్టర్ పిల్లలిచ్చిన ఫీడ్‌బ్యాక్ కాగితం హెచ్ఓడీ గారు నా బల్ల మీద పెట్టి, "కొంచెం చూసుకోండమ్మా" అని వెళ్లిపోయారు. నాకు 3.4. నోట్సు చెప్పి రాయించే పక్క రూము సారుకి 4.5.

క్లాసులో 41 మంది, ఫారం నింపింది 19 మంది. అందులో ఇద్దరు 1కి బదులు 5 వేసుంటే నాకు 3.8 వచ్చేది. చిన్న శాంపిల్‌లో సగటు ఎంత ఊగుతుందో పిల్లలకు నేర్పేది నేనే. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కింద రాసిన మాటలు మూడే. "మేడమ్ నవ్వరు." "మేడమ్ ఒడియా మాట్లాడితే తెలుగులా ఉంటుంది." "ప్రాబబిలిటీ రెండోసారి చెప్పినప్పుడు అర్థమైంది."

ఇప్పుడు అసలు సంగతి. ఈ సెమిస్టర్ ఇంటర్నల్‌కి ప్రశ్నలు ముందే చెప్పేశాను. జూన్‌లో రెన్యువల్ ఉంది, భయమేసింది. స్కోరు 4.3కి పెరిగింది. నిన్న బోర్డు మీద ప్రాబబిలిటీలో వచ్చే బేయిస్ సిద్ధాంతం లెక్క ఒకటి వేస్తే ఒక్కరూ కదల్లేదు. సీనియర్లు ఈ కాగితాలను ఎలా చూస్తారో చెప్పండి.

బరంపురం_రిటైర్డ్
అమ్మా, ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. మొదట్లో స్టాఫ్ రూములో ఫారాలు పైకి చదువుకుని నవ్వుకునేవాళ్లం. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు 2017లో మార్చిన పద్ధతిలో విద్యార్థుల సంతృప్తి సర్వే చేరాక మాత్రం నవ్వులు తగ్గాయి.

మీకు జరిగింది కొత్తేం కాదు. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఏ విద్యార్థికి ఏ మాస్టారో లాటరీలా పడుతుంది, పరీక్ష అందరికీ ఒకటే. అక్కడి లెక్కల క్లాసుల మీద 2010లో ఒక పరిశీలన వచ్చింది. అప్పటి కోర్సులో మార్కులు బాగా తెప్పించిన మాస్టార్లకు రేటింగులూ బాగానే వచ్చాయి. తరువాతి పై కోర్సులో మాత్రం వాళ్ల పిల్లలే వెనకబడ్డారు. ఇది చదివాక నేను అంకె చూడటం మానేశాను. రాసిన వాక్యాలు మాత్రం చదివేవాణ్ణి. "సార్ బోర్డుకి అడ్డంగా నిలబడతారు" అని ఏటా ఎవరో ఒకరు రాసేవారు. నిలబడేవాణ్ణే.

జయపురం_ఇంగ్లిష్
"మేడమ్ నవ్వరు" అన్నదానికి ఒక మాట. పక్క రూము సారు నవ్వుతారో లేదో ఎవరైనా రాశారా? అమెరికాలోనే ఒక ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు టీచర్లు, ఒక ఆయన, ఒక ఆవిడ, పేర్లు మార్చుకుని కూడా చెప్పారు. 2015లో వచ్చింది ఆ పేపరు. అసైన్‌మెంట్లు అందరికీ ఒకే సమయానికి దిద్ది ఇచ్చారు. అయినా "సకాలంలో ఇస్తారా" అన్నదానికి మగ పేరుకి 4.35, ఆడ పేరుకి 3.55. చేసిన పని ఒకటే!

రాయగడ_ఎంఎస్సీ
నేను స్టూడెంట్‌నే, తిట్టకండి. మా కాలేజీలో ఫారం నింపితేనే హాల్‌టికెట్ అన్నారు. ఇంగ్లిష్‌లో ఇరవై పైచిలుకు ప్రశ్నలు. మా హాస్టల్ రూములో ఒకడే నలుగురి ఫోన్లు పట్టుకుని అన్నిటికీ 4 నొక్కేశాడు. పేరు బయటపడుతుందని భయం కూడా ఉంటుంది. అందుకే రెండో ప్రయత్నంలో అర్థమైందని పనిగట్టుకుని రాసినవాడు నిజంగానే రాసుంటాడు మేడమ్.

బరంపురం_రిటైర్డ్
బాబు సరిగ్గా చెప్పాడు. అలాగని మాస్టార్లు దీన్ని సాకుగా పట్టుకోకూడదు. క్లాసుకే రాని మాస్టారి సంగతి పిల్లలు కాక ఇంకెవరు చెప్తారు? సమయానికి వస్తారా, గొంతు వెనక బెంచీకి వినిపిస్తుందా, ఇవి వాళ్లకే తెలుస్తాయి. నేర్చుకున్నది ఎంత అన్నది మాత్రం ఆ ఫారంలో దొరకదు. కెనడాలోని ఒంటారియోలో 2018లో ఒక మధ్యవర్తి ప్రమోషన్లకు బోధన సామర్థ్యాన్ని ఈ స్కోర్లతో కొలవకూడదని తీర్పే ఇచ్చాడు. మన దగ్గర అడిగే నాథుడు లేడు. మీరు రెన్యువల్ ఫైల్లో స్కోరు పక్కన "41లో 19 మంది" అని రాసి పెట్టండి. అబద్ధం కాదు కదా.

పర్లాకిమిడి_లెక్కలు
అందరికీ థ్యాంక్స్. మాస్టారూ, 19 మంది అన్న మాట రాస్తాను. 4.3 పక్కన ఏం రాయాలో మాత్రం తెలియడం లేదు. ప్రశ్నలు ముందే చెప్పానని రాయలేను కదా.

సోమవారం మార్కులు లేకుండా బేయిస్ మళ్లీ మొదలుపెడతాను. క్లాసు చివర చీటీలు ఇచ్చి, అర్థం కానిది ఒక్కటి రాయమంటాను. ఒడియా, తెలుగు, సవర, ఎవరికి వచ్చింది వాళ్లు రాయొచ్చు. సవర చీటీలు గుమ్మ అనే ఊరి నుంచి వచ్చే అమ్మాయి చదివి పెడతానంది.

ఆ ఒడియా మాట రాసిన అబ్బాయి ఎవరో దాదాపు తెలుసు. వాడన్నది నిజమే. ఏడాదిగా నేను ప్రాబబిలిటీని "సంభావ్యత" అనే అంటున్నాను. వాళ్లకది "సొంభాబ్యొతా". నిన్న ఇంట్లో గట్టిగా అని చూసుకుంటుంటే మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.