తెలుగు టీచర్లకు పనికొచ్చే టెక్నాలజీ శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

నమస్కారమండీ. గుంటూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పద్నాలుగేళ్లుగా తెలుగు చెబుతున్నాను. క్లాసులో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, కానీ దాని మీద నేను చేసేదల్లా పాఠం వీడియో పెట్టడం, పద్యం ఆడియో వినిపించడం. పిల్లలు చూస్తారు, వింటారు, నోరు మాత్రం విప్పరు. భాష అలా వస్తుందా?

దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో టీచర్ల కోసం పెట్టిన నిష్ఠ శిక్షణ కోర్సులు పూర్తిచేశాను, సర్టిఫికెట్లు వచ్చాయి. జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటోంది, గంటలైతే నిండుతున్నాయి, కానీ చాలావరకు అన్ని సబ్జెక్టులకూ కలిపి చెప్పేదే. నాకు కావలసింది వేరు. ఎనిమిదో తరగతి పిల్లాడు ఒత్తులు మింగేసి చదివితే వాడి గొంతు ఫోన్‌లో రికార్డు చేసి వాడికే వినిపించి ఎలా దిద్దాలి, పద్యపాదంలో గురులఘువుల గుర్తులు తెర మీద పిల్లలచేతే ఎలా పెట్టించాలి, ఇలాంటివి.

ఇంగ్లిష్ టీచర్లకు హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) లాంటి చోటు ఉంది. మరి తెలుగువాళ్లకు? విజయవాడలోనో గుంటూరులోనో సెలవుల్లో ఎదురుగా కూర్చోబెట్టి నేర్పేవాళ్లున్నారా? నాలుగైదు వేల లోపు ఫీజైతే నేనే పెట్టుకుంటాను. ఎవరైనా నేర్చుకుని ఉంటే, క్లాసులో నిజంగా ఏం మారిందో కూడా చెప్పండి, ప్లీజ్.