ఉద్యోగం మానేశాను, నెలకు 40 వేలు కావాలి. పొద్దున్నుంచీ లెక్క తేలట్లేదు

చందానగర్_మావయ్య:
పొద్దున తొమ్మిదింటికి ఎక్సెల్ తెరిచి కూర్చున్నాను, ఇప్పుడు మూడున్నర. వడ్డించిన అన్నం చల్లారిపోయింది, మా ఆవిడ మాట్లాడటం మానేసింది. చేతిలో 62 లక్షలున్నాయి. నెలకు 40 వేలు రావాలి. ఎఫ్‌డీ గురించి దయచేసి చెప్పకండి, ఆ వడ్డీతో కుదరదు. రీట్‌లు (అద్దెకిచ్చే భవనాల్లో వాటాలు), ఇన్విట్‌లు (కరెంటు లైన్ల లాంటి వాటిలో వాటాలు) లాంటి వాటిలో అనుభవం ఉన్నవాళ్లే చెప్పండి. నాకు తేలనిది ఒకటే. పవర్‌గ్రిడ్ ఇన్విట్ ఏడాదికి యూనిట్‌కి 12 రూపాయలు పంచుతూ వచ్చింది. వంద లోపు కొంటే 12 శాతం పైనే కదా? మా బావమరిదేమో "నీ డబ్బే నీకు తిరిగిస్తున్నారు బావా" అని నవ్వుతున్నాడు. ఎవరి మాట నిజం?

మిరపకాయ్:
వయసెంత?

గజాల_రాజు:
వయసుతో పనేముంది అన్నా. కాగితం మీద ఉండేది ఏదీ ఆస్తి కాదు. నేను 2009లో శంకర్‌పల్లి వైపు 200 గజాలు కొంటే ఇంట్లో అందరూ తిట్టారు. ఇప్పుడు అడగమనండి. 62 లక్షలకి హెచ్ఎండీఏ లేఅవుట్‌లో మంచి ప్లాటు వస్తుంది. ప్రీలాంచ్‌లో అయితే రెండొస్తాయి. భూమి తల్లి ఎవర్నీ మోసం చేయదు.

లెక్కల_మాస్టారు:
రాజుగారూ, ఆయన అడిగింది నెల నెలా డబ్బు. ఖాళీ ప్లాటు నెలకి ఎంతిస్తుంది? పైగా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకుండా అమ్మే ప్రీలాంచ్ చట్టవిరుద్ధం. అందులోకి దింపకండి.

మావయ్యగారూ, మీ బావమరిది సగం కరెక్టు. ఇన్విట్ మీ ఖాతాలో వేసేది ఒకే ముక్కగా కనిపిస్తుంది గానీ అందులో మూడు నాలుగు రకాలుంటాయి. కొంత వడ్డీ, కొంత డివిడెండ్, కొంత కింది కంపెనీ తన అప్పు తీర్చిన సొమ్ము. ఈ చివరిది ఆదాయం కాదు, మీ అసలులోంచి వచ్చినట్టే. పన్ను లెక్కలో కూడా మీరు కొన్న ధర అంతమేరకు తగ్గుతుంది. మీరన్న పవర్‌గ్రిడ్ ఇన్విట్ చేతిలో శ్రీకాకుళం నుంచి వేమగిరి దాకా వెళ్లే 765 కేవీ కరెంటు లైను ఉంది. ఖమ్మం-నాగార్జునసాగర్ లైనూ దానిదే. ఆ టవర్లకి చార్జీలు వచ్చే ఒప్పందం 35 ఏళ్లది. ఆ తర్వాత? కొత్త లైన్లు కొనకపోతే చెట్టు ఏటా కాయలతో పాటు ఒక కొమ్మ కూడా ఇస్తున్నట్టు. యూనిట్ 2021లో వందకి అమ్మారు, 130 దాటాక కొన్నవాళ్లు తర్వాత వంద కింద కూడా చూశారు. 12 శాతం అని పక్కింటాయనకి చెప్పకండి.

రీట్ వేరు. ఆఫీసు భవనాలు, మాల్స్, వాటి అద్దెలు. చేతికొచ్చే నగదులో 90 శాతం పంచాలన్నది సెబీ రూలు. మన మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో ఎవరో కట్టే అద్దెలో మీకో చిన్న వాటా అన్నమాట. అద్దె పెంచుకునే వీలుంది కాబట్టి ఇన్విట్ కన్నా నాకు ఇదే నచ్చుతుంది. కానీ దీని ధర కూడా షేరులాగే ఊగుతుంది.

బెజవాడ_అక్క:
ఇవన్నీ ఎందుకు తమ్ముడూ. రిజిస్టరైన చీటీ వేసి పాట పాడకుండా చివరిదాకా ఉంటే చాలు. డివిడెండే డివిడెండు.

లెక్కల_మాస్టారు:
అక్కా, చీటీలో నెల నెలా మనం కట్టాలి. ఆయనకి నెల నెలా రావాలి.

బెజవాడ_అక్క:
చివర్లో ఒకేసారి వస్తుంది కదా, అది బ్యాంకులో వేసుకుంటాడు.

మిరపకాయ్:
వయసెంత అని అడిగాను.

చందానగర్_మావయ్య:
57. దానికీ దీనికీ ఏంటి సంబంధం? సీనియర్ సిటిజన్ స్కీము అనుకుంటున్నారేమో, బ్యాంకుకి వెళ్లే వచ్చాను. "60 నిండాక రండి సార్" అన్నారు.

మిరపకాయ్:
55 చాలు. రిటైరైన డబ్బు వచ్చిన మూడు నెలల్లో తెరవాలి.

గజాల_రాజు:
అది రిటైరైనవాళ్లకి. ఈయన "మానేశాను" అన్నారు. మానేయడం వేరు, రిటైర్‌మెంట్ వేరు, వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) వేరు. మాటలు సరిగా వాడితే సగం గొడవ ఉండదు.

లెక్కల_మాస్టారు:
ఈసారి రాజుగారి ప్రశ్న మంచిదే. రూల్లో ఉన్న మాట "సూపర్ యాన్యుయేషన్ (అంటే వయసు నిండి రిటైరవ్వడం) మీద గానీ మరోవిధంగా గానీ" రిటైరైనవాళ్లు అని. వీఆర్‌ఎస్ అందులోకి వస్తుంది. మావయ్యగారూ, మీది రాజీనామానా, వీఆర్‌ఎస్సా? డబ్బు ఏ తేదీన పడింది?

చందానగర్_మావయ్య:
వీఆర్‌ఎస్సే. ఫార్మా కంపెనీ, 26 ఏళ్లు చేశాను. ఎక్స్‌గ్రేషియా, గ్రాట్యుటీ కలిపి 33 లక్షలు జూన్ 24న పడ్డాయి. పీఎఫ్ 29 లక్షలు జూలైలో వచ్చింది. ఇవన్నీ చెప్పాలా? రిటైర్‌మెంట్ డబ్బు అంటే ఇవే కదా, అందరికీ తెలిసిందే అనుకున్నాను.

లెక్కల_మాస్టారు:
అయ్యో. ఈరోజు సెప్టెంబర్ 10. అంటే మీకు సరిగ్గా రెండు వారాలుంది. ఇన్విట్ పక్కన పెట్టి ముందు ఇది చూడండి. సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షల దాకా వేయొచ్చు. అయితే మీకొచ్చిన రిటైర్‌మెంట్ సొమ్ముకి మించకూడదు. మీకు ఆ ఇబ్బంది లేదు. 8.2 శాతం, మూడు నెలలకోసారి 61,500. అంటే నెలకి 20,500. తెరిచిన రోజు రేటే అయిదేళ్లూ ఉంటుంది. కంపెనీ నుంచి ఉత్తరం కావాలి: ఎన్నేళ్లు పనిచేశారు, ఎలా రిటైరయ్యారు, ఏ సొమ్ము ఏ రోజు ఇచ్చారు. ఆ కాగితం తీసుకెళ్తే కౌంటర్లో "60 నిండాలి" అనలేరు. అయినా అలా అంటే మేనేజర్‌ని అడగండి, లేదా పోస్టాఫీసుకి వెళ్లండి.

పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో మీ ఆవిడతో జాయింటుగా 15 లక్షలు, 7.4 శాతం, నెలకి 9,250. రెండూ కలిపి 29,750. మిగిలే 17 లక్షల్లో కొంత ఆర్‌బీఐ ఫ్లోటింగ్ బాండ్లు (వడ్డీ రేటు మారుతూ ఉండేవి), కొంత రీట్ అనుకుంటే 40 వేలకి దగ్గరగా పోవచ్చు.

చందానగర్_మావయ్య:
ఆ 17లో 12 లక్షలు ఇప్పుడు చేతిలో లేవు. ఒక యాప్‌లో వేశాను. కంపెనీల బిల్లులు కొని 90 రోజుల్లో 14 శాతం లెక్కన ఇస్తామన్నారు. మొదటి రెండుసార్లు టైముకి వచ్చాయి. ఇప్పుడు "బయ్యర్ ఆలస్యం చేస్తున్నారు" అని మెసేజ్ వస్తోంది.

మిరపకాయ్:
అంటే 62 కాదు, 50.

గజాల_రాజు:
నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే. కాగితం. కాగితం కూడా కాదు, యాప్!

లెక్కల_మాస్టారు:
రాజుగారూ, పుండు మీద కారం వద్దు. మావయ్యగారూ, ఇలా బిల్లులు కొనడాన్ని బిల్ డిస్కౌంటింగ్ అంటారు. ఇందులో ఆర్‌బీఐ గుర్తించినవి ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికలు. అక్కడ కొనేది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, మనం కాదు. మనకి యాప్‌లో అమ్మేవాటి మీద అలాంటి నిఘా ఉండదు. ఉన్న ఒప్పందాలన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, కొత్తగా ఒక్క రూపాయి వేయకండి. ఇక ఆ మిగిలిన 5 లక్షలు ఎందులోనూ పెట్టకండి, ఆసుపత్రి ఖర్చుకి ఉండనివ్వండి. అన్నట్టు హెల్త్ ఇన్సూరెన్స్ సొంతంగా తీసుకున్నారా, కంపెనీదేనా?

చందానగర్_మావయ్య:
కంపెనీదే ఉండేది.

బెజవాడ_అక్క:
ఉండేది ఏంటి తమ్ముడూ. ఇవాళే తీసుకో.

చందానగర్_మావయ్య:
ఒక డౌటు. మూడు నెలలు జూన్ 24 నుంచా, పీఎఫ్ పడ్డ జూలై నుంచా? సరే, రేపు హెచ్‌ఆర్ ఆఫీసుకి వెళ్లి ఉత్తరం అడుగుతా. మా ఆవిడ పిలుస్తోంది. థ్యాంక్స్ అందరికీ.

లెక్కల_మాస్టారు:
జూన్ 24 అనుకునే పరిగెత్తండి. డబ్బు కూడా ఆ 33 లోంచే చూపించండి.

మిరపకాయ్:
(సెప్టెంబర్ 27) తెరిచారా?

కరీంనగర్_శీను:
(అక్టోబర్ 3) నాదీ ఇదే సమస్య. రిజైన్ చేశాను, 40 లక్షలున్నాయి, నెలకి 35 వేలు కావాలి. ఏం చేయాలి?

మిరపకాయ్:
వయసెంత?

కరీంనగర్_శీను:
51.

గజాల_రాజు:
అయితే ప్లాటే కరెక్టు తమ్ముడూ. ఇన్‌బాక్స్‌లోకి రా.