నాచు బట్ట ప్రాజెక్టుకి ‘పర్యావరణహితం’ అని బోర్డు పెట్టొచ్చా?

భీమిలి మాస్టారు: మా తొమ్మిదో తరగతి పిల్లలు సైన్స్ ఫెయిర్‌కి సముద్రపు నాచుతో బట్ట చేస్తున్నారు. నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్ అనే పొడి నీళ్లలో కలిపి, సిరంజితో కాల్షియం క్లోరైడ్ నీళ్లలోకి వదిలితే సేమ్యాలా దారం పడుతోంది. అది ఆరాక అట్టముక్క మీద అల్లి అరచేతంత గుడ్డ చేశారు. చార్టు మీద ‘పత్తికి ప్రత్యామ్నాయం, పర్యావరణహితం’ అని రాశారు. తోటి టీచర్ ఒకాయన అది తీసేయించమంటున్నారు. మీరేమంటారు?

పత్తిరైతు కొడుకు: ఎందుకు తీసేయాలి? పత్తికి మందులకెంత పోస్తామో మా నాన్నని అడగండి. నాచుకి పొలం అక్కర్లేదు, మంచినీళ్లు అక్కర్లేదు. పిల్లల్ని నిరుత్సాహపరచకండి.

ల్యాబ్ అక్క: నాచుకి అక్కర్లేదు సరే, పొడికో? సర్గాసమ్ లాంటి గోధుమరంగు నాచుని సోడా నీళ్లలో ఉడికించి, వడగట్టి, ఆమ్లం పోసి విడదీస్తేగాని ఆల్జినేట్ రాదు. ఆ నీళ్లన్నీ ఎక్కడికో పోవాలిగా. మాస్టారూ, పొడి కొన్నారా, పిల్లలే తీశారా?

భీమిలి మాస్టారు: కొన్నదేనండీ.

ల్యాబ్ అక్క: అయితే ముందు ఆ మాట చార్టు మీద ఉండాలి. ఇంకోటి, ఆ గుడ్డని వాషింగ్ సోడా నీళ్లలో నానబెట్టి చూడండి. దారాన్ని పట్టి ఉంచే కాల్షియం పోయి ఆ చోట్లో సోడియం చేరుతుంది, దారం జిగురై కరిగిపోతుంది. ఒక్క ఉతుక్కి ఆగనిది పత్తికి ప్రత్యామ్నాయమా?

పత్తిరైతు కొడుకు: మరి బజార్లో నాచు టీషర్టులు అమ్ముతున్నారుగా!

మగ్గం గుంట: వాటిలో చాలావరకు చెక్క గుజ్జు నుంచి తీసిన సెల్యులోజే తమ్ముడూ, నాచు కొద్దిగా కలుపుతారంతే. నాచు బట్టలోంచి ఒంటికి ఖనిజాలు అందుతాయని లులులెమన్ అనే కెనడా బట్టల కంపెనీ ప్రచారం చేసుకుంది. 2007లో ఆ దుస్తుల్ని న్యూయార్క్ టైమ్స్ పత్రిక ల్యాబులో పరీక్ష చేయిస్తే, ఖనిజాల విషయంలో మామూలు కాటన్‌కీ వాటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కెనడా అధికారులు ఆ ఆరోగ్య ప్రచారాన్ని తీయించారు కూడా.

అయినా అక్కా, కరగడం లోపమని నేననను. సాక్సుల మిల్లుల్లో ఈ దారాన్ని కావాలనే వాడేవారు. సాక్సులు ఒకదాని వెంట ఒకటి గొలుసుగా అల్లుతూ, నడుమ ఆల్జినేట్ దారం వేసి, తర్వాత దాన్ని కరిగించి విడదీసేవారు. ఆసుపత్రుల్లో రసి కారే పుండ్ల మీద వేసే ఆల్జినేట్ కట్టు కూడా ఇదే సరుకు. పిల్లలు ‘పత్తికి ప్రత్యామ్నాయం’ కొట్టేసి ఆ దారిలో వెళ్తే జడ్జి అడ్డుప్రశ్న వేయలేడు.

రామేశ్వరం యాత్రికుడు: పెంచితే చాలు హితమే అనుకోకండి. మన్నార్ సింధుశాఖలో పెంపకానికి తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు కురుసడై దీవి దగ్గర పగడాల మీదికి పాకింది.

ల్యాబ్ అక్క: అది ఎర్రనాచు, దాన్నుంచి వచ్చేది క్యారజీనన్ అనే వేరే జిగురు. వీళ్ల పొడికీ దానికీ సంబంధం లేదు.

పత్తిరైతు కొడుకు: అందరూ కలిసి ప్రాజెక్టుని ఉతికేశారు. ‘ఉతికితే కరుగుతుంది’ అని బోర్డు పెడితే ప్రైజు ఎవరిస్తారు?

భీమిలి మాస్టారు: పిల్లలూ అదే గొడవ. సోడా నీళ్లలో వేసి చూశాం, అక్క చెప్పినట్టే అయింది. ఇద్దరు చార్టు మారుద్దామంటున్నారు, ఒకమ్మాయి ససేమిరా అంటోంది.

ల్యాబ్ అక్క: ఆ అమ్మాయి చేతే చేయించండి. మంచినీళ్లు, ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, సోడా నీళ్లు నాలుగు గ్లాసుల్లో పోసి, ఒక్కోదాంట్లో నాచుదారం ముక్క, పక్కన నూలుదారం ముక్క వేయమనండి. చార్టు మీద ఏం రాయాలో తనే తేల్చుకుంటుంది.