3215031751: పరీక్ష దాటితే ప్రధాన సంఖ్య అనేయొచ్చా?

సరిబేసి:
పెద్ద సంఖ్య ప్రధానమో కాదో తేల్చమంటే చాలామంది మిల్లర్–రాబిన్ పరీక్ష పెట్టి ఊరుకుంటున్నారు. అంటే ఏదో ఒక సంఖ్యను ఆధారంగా తీసుకుని, దాని ఘాతాలను పెద్ద సంఖ్యతో భాగిస్తే శేషాలు ప్రధాన సంఖ్యకు రావాల్సినట్టే వస్తున్నాయా అని చూడడం; రాకపోతే అది సంయుక్త సంఖ్య. 3215031751 చూడండి. 2, 3, 5, 7 ఆధారాలుగా పెడితే నాలుగుసార్లూ దాటేస్తుంది. తీరా చూస్తే అది 151 × 751 × 28351. నిరూపణ లేకుండా ప్రధానం అని రాయడం తప్పని నా వాదన.

కోడ్ రాము:
ఒక్క సంఖ్యను చూపించి పరీక్షే పనికిరాదంటే ఎలా అండీ? 2500 కోట్ల లోపు ఆ నాలుగింటినీ దాటే సంయుక్త సంఖ్య ఇదొక్కటే. 11 కలిపితే దొరికిపోతుంది. 37 వరకు ఉన్న 12 ప్రధాన సంఖ్యలు ఆధారాలుగా పెడితే 64 బిట్లలో పట్టే ఏ సంఖ్యకైనా జవాబు తప్పదు, అది నిరూపితమే. అంతకన్నా పెద్దవాటికి ఆధారాలను యాదృచ్ఛికంగా తీసుకోండి. సంయుక్త సంఖ్య ఒక విడతలో తప్పించుకునే అవకాశం నాలుగో వంతుకు మించదు. 20 విడతలు చేస్తే లక్ష కోట్లలో ఒకటి కన్నా తక్కువ. ఇంకా టెన్షన్ ఎందుకు?

శేషం:
ఇది ఎలా తప్పించుకుంటోందో కూడా చూడాలి. ఒకటి తీసేస్తే 3215031750. దాన్ని 150, 750, 28350 మూడూ నిశ్శేషంగా భాగిస్తాయి. అంటే ఇది కార్మైకేల్ సంఖ్య. దీనితో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారం పెట్టినా పాత ఫెర్మా పరీక్షకు (ఆధారాన్ని 3215031750వ ఘాతానికి పెంచి 3215031751తో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూసేది) దొరకదు. పైగా మూడు కారణాంకాలనూ 4తో భాగిస్తే శేషం 3. అందువల్ల ఆధారం మూడింటికీ వర్గశేషమైనా (ఏదో ఒక సంఖ్య వర్గాన్ని ఆ కారణాంకంతో భాగిస్తే ఆధారమే శేషంగా వస్తే, అది దానికి వర్గశేషం), ఏ ఒక్కదానికీ కాకపోయినా మిల్లర్–రాబిన్‌ను కూడా దాటేస్తుంది. 2, 5 మూడింటికీ వర్గశేషాలు. 3, 7 దేనికీ కావు. 11 దగ్గరికొచ్చేసరికి పొత్తు చెడింది: 39 వర్గం 1521, దాన్ని 151తో భాగిస్తే శేషం 11. కాబట్టి 151కి 11 వర్గశేషం, మిగతా రెండింటికీ కాదు. ఎంత అందంగా ఉందో! మూడు కారణాంకాల్లో ఒక్కోదానికి వర్గశేషం అవునా కాదా అనే ఎనిమిది కలయికల్లో రెండు దాటిస్తాయి, అంటే రాము గారు చెప్పిన నాలుగో వంతు హద్దు దాకా వెళ్లిన సంఖ్య ఇది.

సరిబేసి:
అయితే నా భయం ఇంకా పెరిగింది. ఆధారాలు ముందే తెలిస్తే వాటిని దాటే సంఖ్యను కావాలనే తయారుచేయొచ్చు. 1995లో ఆర్నో అనే గణితజ్ఞుడు చేసి చూపించాడు కూడా: 307 లోపు ప్రధాన సంఖ్యల్లో ఏది ఆధారంగా పెట్టినా దాటే 397 అంకెల సంయుక్త సంఖ్య!

కోడ్ రాము:
అందుకేగా యాదృచ్ఛికంగా అన్నది. ఇతరులు ఇచ్చిన సంఖ్యకు ఖాయమైన ఆధారాలు వాడకూడదు, సరే. నిరూపణే కావాలంటే 2002లో ఐఐటీ కాన్పూర్‌లో అగ్రవాల్, కయాల్, సక్సేనా కనిపెట్టిన పద్ధతి ఉంది, అనుమానానికి తావే ఉండదు. కానీ వేగంలో మిల్లర్–రాబిన్ దరిదాపులకు రాదు. రోజువారీ ప్రోగ్రామ్‌లో దాన్ని ఎవరు పెడతారు?

శేషం:
ప్రోగ్రామ్‌కి మీ పద్ధతి చాలు రాము గారూ. కానీ ఆ లక్ష కోట్లలో ఒకటి అన్నది మనం ఎంచుకున్న ఆధారాల గురించిన లెక్క, సంఖ్య గురించి కాదు. పట్టికలో ప్రధానం అని రాసేటప్పుడు సరిబేసి గారి మాటే నాది. ఎలిప్టిక్ కర్వ్ అనే నిరూపణ పద్ధతిలో, సంఖ్య ప్రధానమేనని చూపే ధ్రువపత్రం వస్తుంది, దాన్ని ఇంకొకరు చాలా తక్కువ సమయంలో సరిచూసుకోవచ్చు. అది లేనప్పుడు సంభావ్య ప్రధానం అనే రాయండి.