పాస్టరుగారు ఒక్కరే, సంఘాలు నాలుగు: పరిచర్య పంచుకోవడం ఎలా?

గుణుపురం విశ్వాసి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. గుణుపురం చుట్టుపక్కల నాలుగు సంఘాలకి మా పాస్టరుగారు ఒక్కరే. పట్నంలో తెలుగు ఆరాధన, రెండూళ్లలో ఒడియా, కొండమీద సవర విశ్వాసులు. వంశధార పొంగితే అవతలి ఊళ్లకి ఆదివారం ఆరాధనే ఉండదు. సంఘ పెద్దలం ముగ్గురం ఉన్నాం. పని పంచుకుంటామంటే "మందని దేవుడు నాకు అప్పగించాడు, బలం కూడా ఆయనే ఇస్తాడు" అంటారు. ఆయన విశ్వాసాన్ని తప్పుపట్టకుండా ఎలా మాట్లాడాలి? ముందుగా ఏ పని తీసుకోవాలి?

పర్లాకిమిడి బైబిల్ స్టడీ

అందరూ నిర్గమకాండము 18 తీస్తారు. పని ఒక్కడివే మోయకుండా పంచుకొమ్మని మోషేకి మామ యిత్రో ఇచ్చిన సలహా మంచిదే గాని, మీ పాస్టరుగారి దగ్గర మొదట తెరవాల్సింది సంఖ్యాకాండము 11. ఈ జనాన్ని నేనొక్కణ్ణే మోయలేనని 14వ వచనంలో మోషే స్వయంగా దేవుడితోనే అంటాడు. దేవుడు దాన్ని అవిశ్వాసం అనలేదు. డెబ్బైమంది పెద్దల్ని పోగుచేయమన్నాడు, మోషే మీదున్న ఆత్మలో పాలు వాళ్లకిచ్చాడు. మోషేకి ఏమీ తగ్గలేదు. ఆ పెద్దల్లో పాళెంలోనే ఉండిపోయిన ఇద్దరు, ఎల్దాదు, మేదాదు ప్రవచిస్తుంటే ఆపమన్నది యెహోషువ. ప్రజలందరూ ప్రవక్తలైతే బాగుండునన్నది మోషే. బలం దేవుడిస్తాడన్న మాట అక్షరాలా నిజం. ఆ బలం ఒక్క మనిషి ఒంట్లోకే రావాలని ఎక్కడా లేదు.

ముగ్గురూ కలిసి ఫిర్యాదులా వెళ్లకండి. వయసులో పెద్దాయన ఒక్కరు వెళ్లి, ఆ అధ్యాయం కలిసి చదివి, ప్రార్థన చేసి, "అయ్యగారూ, మీరే చెయ్యాల్సినవి ఏవి?" అని అడగాలి. "మాకేం ఇస్తారు?" అని అడిగితే పోగొట్టుకున్నట్టు ఉంటుంది. నిర్గమకాండము 18లో కూడా మోషే దగ్గర మూడు పనులు మిగిలాయి: ప్రజల సంగతులు దేవుని సన్నిధికి తీసుకెళ్లడం, ధర్మశాస్త్రం నేర్పడం, కష్టమైన వ్యాజ్యాలు తీర్చడం.

రాయగడ సహోదరి

వాక్యం చెప్పడంతో మొదలుపెట్టకండి, అక్కడే గొడవలొస్తాయి. రోగుల్ని చూడటం, వారం మధ్యలో కుటుంబ ప్రార్థన: ఈ రెండూ ముందు తీసుకోండి. ఊరికి ఇద్దరు చొప్పున, ఆరు నెలల గడువు పెట్టి, ఆదివారం సంఘం ముందు పేర్లు చెప్పి, పాస్టరుగారే చేతులుంచి ప్రార్థన చెయ్యాలి. చేతులుంచి ప్రార్థించడం అపొస్తలుల కార్యములు 6లో కూడా ఉంది. ఇంకో సంగతి చూడండి. అక్కడ సణిగింది గ్రీకు మాట్లాడే యూదులు, తమ విధవరాండ్రని చిన్నచూపు చూస్తున్నారని. ఎన్నుకున్న ఏడుగురివీ గ్రీకు పేర్లే. కాబట్టి సవర ఊరికి పట్నం నుంచి తెలుగు పెద్దని పంపకండి, ఆ ఊళ్లోనే వెతకండి.

ఎక్కువ చోట్ల చెడేది ఇక్కడ: పెద్ద వెళ్లి జ్వరంతో ఉన్నవాళ్లకి ప్రార్థన చేసి వస్తాడు. సాయంత్రం పాస్టరుగారు అదే ఇంటికెళ్లి, ఏమీ జరగనట్టు నూనె రాసి మొదటినుంచి ప్రార్థిస్తారు. ఆ ఇంటివాళ్లు మరుసటిసారి పెద్దని కూర్చోబెట్టి టీ ఇస్తారు గాని, అసలు ప్రార్థనకి పాస్టరుగారి కోసమే చూస్తారు. వెళ్లినా ఆయన "పెద్దగారి ప్రార్థనకి ఆమేన్ చెప్పడానికొచ్చాను" అంటే చాలు.

మూడు నెలలయ్యాక వాక్యం. ఒకే భాగం, పదిహేను నిమిషాలు. గురువారం పాస్టరుగారితో కలిసి చదువుకోవాలి. అనువాదం ఉంటే నలభై నిమిషాల ప్రసంగంలో సరుకు ఇరవై నిమిషాలదే, దానికి తగ్గట్టు సిద్ధపడాలి. వచనాల్ని అప్పటికప్పుడు అనువదించకుండా ఒడియా బైబిల్లోంచే చదివించండి.

జయపురం కోశాధికారి

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. కానుక సంచీ ఆ ఊరు దాటకముందే లెక్కపెట్టాలి. బంధుత్వం లేని ఇద్దరు, నోట్లు వేరే, చిల్లర వేరే రాసి, ఇద్దరూ సంతకం చేసి, మొత్తం అక్కడే చదివి వినిపించాలి. ఖాళీ పేజీ మీద ముందే సంతకం పెట్టించుకోవడం చాలా లెక్కల పుస్తకాల్లో కనిపించే జబ్బు. ఫోన్‌పేలో వచ్చేది ఎవరి సొంత నంబరుకీ కాదు, సంఘం ఖాతాకే. కానుక మోయడానికి పౌలు కూడా ఒంటరిగా వెళ్లలేదు, 2 కొరింథీయులకు 8:19-21 చూడండి. నింద రాకుండా జాగ్రత్తపడటం అవిశ్వాసం కాదు.

ప్రభురాత్రి భోజనం, బాప్తిస్మం ఎవరివ్వాలన్నది మీ సంఘం నియమాన్నిబట్టి ఉంటుంది. అది తేల్చుకోకుండా పెద్దలు చెయ్యి పెట్టొద్దు.

గుణుపురం విశ్వాసి

చాలా వందనాలు. కొండమీద ఊళ్లో భక్తిగల పెద్దలున్నారు గాని చదువు రాదు. వాళ్లని పెట్టొచ్చా?

రాయగడ సహోదరి

పెట్టొచ్చు. 1 తిమోతికి 3లో పరిచారకులకి అడిగినవి నడవడి, ఇల్లు, డబ్బాశ లేకపోవడం; ముందు పరీక్షించమని కూడా ఉంది. చదవడానికి చదువుకున్న కుర్రాణ్ణో అమ్మాయినో జతచెయ్యండి. వాళ్లు భాగాన్ని రెండుసార్లు నెమ్మదిగా చదువుతారు, పెద్ద సవరలో వివరిస్తాడు. చదివేవాళ్లు మధ్యలో సొంత వ్యాఖ్యానం కలపకూడదని ముందే చెప్పండి. వానలు జూన్లో దిగుతాయి, ఈలోపే ఆ ఊరి జతని నిలబెట్టండి.