‘మదనములకు’ అన్నచోట మదనము ఏది?

పోతన సప్తమ స్కంధంలోని ‘మందార మకరంద’ సీసం మొదటి పాదం నిన్నటినుంచి నన్ను వదలడం లేదు. ‘మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే’ (మందార తేనె తీపిలో తేలే తుమ్మెద పోతుందా) వరకు ధారాళంగా వస్తున్నది గాని, ఆ తరువాత నోటికి ‘కుసుమములకు’ అని వస్తున్నది. అది కాదని మనసు చెబుతున్నది. సరైన పాఠం ఏది? ఈ పద్యంలోని అలంకారం ప్రతివస్తూపమయా (ఒకే ధర్మాన్ని వేర్వేరు మాటలతో చెప్పడం), దృష్టాంతమా (వేరైనా పోలికగల ధర్మాలను బింబప్రతిబింబాలుగా చెప్పడం)?

—

పాఠం ‘మదనములకు’. గణాల మాటకు వస్తే ‘కుసుమములకు’ కూడా రెండు నగణాలే (మూడేసి లఘువులు) కాని, ఐదవ గణమైన ‘మధుపంబు’లోని మకారానికి ఏడవ గణం మొదట యతిమైత్రి కుదరదు. మదనమంటే ఉమ్మెత్త, అమరంలో (అమరకోశమనే సంస్కృత నిఘంటువులో) ఉమ్మెత్త పర్యాయాల నడుమనే ‘మాతులో మదనశ్చ’ అని ఉన్నది.

—

అదే అమరం పిండీతకానికి, అంటే మన మంగచెట్టుకు కూడా మదన శబ్దాన్ని చెప్పింది గదా! మూడవ పాదంలో లేమావిచిగురుకు ఎదురుగా నిలిపిన కుటజం చేదుకు పేరుపడిన కొడిసె. వాంతి చేయించడానికి వైద్యులు వాడే మదనఫలం మంగకాయే కనుక, కొడిసెకు జతగా మంగనే తలచడం న్యాయమని నా అభిప్రాయం. ఉమ్మెత్త అన్నవారు యతికోసం దొరికిన మాటకు నిఘంటువులో మొదట కనబడిన అర్థంతో తృప్తిపడుతున్నారు.

—

యతికోసం పోతన మాటలు వెతుక్కున్నాడనడం నాకు కష్టంగా ఉన్నది. రెండవ పాదంలో ‘రాయంచ సనునె తరంగిణులకు’ అన్నప్పుడు, ‘రా’కు మైత్రి ‘తరంగిణి’ మొదట కాక, నడిమి ‘రం’ మీద ఎంత సహజంగా పడిందో ఒకసారి పైకి చదివి చూడండి. అటువంటి చేతికి మాట కరవా? ఇక అర్థం సంగతి: సీసం చివరి ఎత్తుగీతిలో భక్తుని మనసును ‘చింతనామృత పానవిశేష మత్త చిత్తము’ అన్నాడు. ఉన్మత్తమే ఉమ్మెత్త. ఒక మత్తును కాదని మరొక మత్తును కోరుకున్న తుమ్మెద ఇక్కడ కనబడుతుంటే, మంగచెట్టు ఆ ధ్వనిని పూర్తిగా పోగొడుతుంది.

—

ధ్వని బాగున్నది, అంగీకరిస్తాను. అయితే ఆ మత్తు మొదటి పాదంలోనే ఉండి, అంచకు, కోయిలకు, చకోరానికి లేకపోవడానికి కారణం చెప్పాలి.

—

పాఠం తేలినందుకు కృతజ్ఞుణ్ణి. అలంకారం మాత్రం మిగిలే ఉన్నది. పోవు, చను, చేరు అనే మూడూ ఒకే అర్థానికి వేర్వేరు మాటలైతే ప్రతివస్తూపమ అనవచ్చు. కాని నాలుగవ పాదంలోని ‘మరుగునే’కు అలవాటుపడడం అనే అర్థం చెప్పుకుంటే, అది ఆ మూడింటితో కలుస్తుందా?